ఫొటోగ్రాఫర్ పేరుంది, బండి నెట్టే ఆయన పేరేదీ?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధం చివరి పేజీలో సగం పేజీకి ఒక ఫొటో వేశారు. వాన దంచి కొడుతోంది. ఒకాయన తోపుడు బండి నెట్టుకుంటూ వెళ్తున్నాడు. బండి నిండా మడిచి కట్టిన అట్టపెట్టెలు, వాటి మీద నీలం పట్టా. అట్టలు తడవకుండా పట్టా కప్పాడు గానీ తను మాత్రం నిలువునా తడిసిపోయాడు. చాలా మంచి ఫొటో. తీసినవాళ్లు బండి చక్రం ఎత్తుకి వంగి తీశారు, అందుకే రోడ్డు మీద నిలిచిన నీళ్లలో ఆయన తలకిందులుగా మళ్లీ కనిపిస్తున్నాడు. నేనూ అదే పనిలో ఉన్నవాణ్ని. వానలో అలా వంగితే కెమెరాకి ఏమవుతుందో, నడుముకి ఏమవుతుందో నాకు తెలుసు. కాబట్టి ముందుగా ఆ ఫొటోగ్రాఫర్‌కి నా మెచ్చుకోలు అందజేయండి.

ఫొటో కింద పెద్ద అక్షరాల్లో ‘బతుకు బండి’ అని ఉంది. మూలన ఫొటోగ్రాఫర్ పేరుంది. బండి నెడుతున్న ఆయన పేరు లేదు. ఎక్కడ తీశారో లేదు, ఏ రోజు తీశారో లేదు. పేజీలో ఎక్కడా కనపడని మనిషికి పేరుంది, సగం పేజీ నిండా కనపడుతున్న మనిషికి లేదు. ఆ పేజీని ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. కోపంతో కాదు. నా పాత సంగతి ఒకటి గుర్తొచ్చి సిగ్గేసింది. ఉత్తరం రాయించింది మీ ఫొటోనే అయినా, తప్పు సంగతికొస్తే ముందు నాది చెప్పాలి.

నేను కెమెరా పట్టి ఇరవై ఆరేళ్లు. పెళ్లిళ్లు తీస్తే ఇల్లు గడుస్తుంది. మిగిలిన రోజుల్లో నాకిష్టమైనవి తీసుకుంటాను. రోడ్లు, రేవులు, బస్టాండ్లు, పని చేసుకునే మనుషులు. అలా ఒక రేవుకి నాలుగైదేళ్ల పాటు వెళ్లాను. అప్పటికి ఆ ఏటి మీద వంతెన లేదు. పొద్దున్నే మొదటి పడవ దాటించేది ఒక పెద్దాయన. ఆయన తెడ్డు పిడికి సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టుకున్నాడు. ఎండకి, నీళ్లకి ఆ రబ్బరు అరిగి, పట్టుకునే చోట ఆయన నాలుగు వేళ్ల గుంటలు పడ్డాయి. వేరేవాళ్లెవరైనా ఆ తెడ్డు పడితే వాళ్ల వేళ్లు ఆ గుంటల్లో కూర్చోవు. నేను పట్టి చూశాను. నా చెయ్యి చిన్నది.

ఆయన ఫొటోలు చాలా తీశాను. అందులో ఒకటి నాకు బాగా నచ్చింది. నడి ఏట్లో పొగమంచు, పడవలో ఇంకెవరూ లేరు, ఆయన తెడ్డు పైకెత్తి ఆపి అవతలి ఒడ్డు వైపు చెవి పెట్టాడు. అటు నుంచి ఎవరో కేకేశారు, అదీ సంగతి. దాన్ని ఒక పత్రికకి పంపాను. మీది కాదు, వేరేది, పేరెందుకులెండి. ఫొటోతో పాటు ఒక చీటీ మీద ఆయన పేరు, ఆ రేవు పేరు, ఎన్నేళ్లుగా పడవ నడుపుతున్నాడో అన్నీ రాశాను. వారం తిరక్కుండా అచ్చయింది. చీటీలో రాసినదేదీ రాలేదు. ‘కాలం ఒడ్డున ఒంటరి’ అని శీర్షిక పెట్టారు. నా పేరు మాత్రం తప్పు లేకుండా వేశారు. నిజం చెప్పాలంటే, నా పేరు అచ్చులో చూసుకుని మురిసిపోయాను. చీటీ సంగతి ఆ పూట గుర్తుకే రాలేదు.

రెండు వారాల తర్వాత రేవుకి వెళ్తే ఆయన కూతురు ఒడ్డునే నిలబడి ఉంది. చేతిలో ఆ పేపరు.

“ఈ ఫొటో తీసింది మీరేనా?”

“అవునమ్మా.”

“మా నాన్న ఒంటరని మీకెవరు చెప్పారు?”

నేను అలా రాయలేదని, రాసింది వాళ్లని ఏదో చెప్పబోయాను. ఆవిడ వినిపించుకోలేదు. “మేం అయిదుగురం. మనవలు తొమ్మిది మంది. ఇది చూసి అందరూ నన్ను అడుగుతున్నారు, మీ నాన్నకి అన్నం పెట్టట్లేదా అని. ఏం చెప్పమంటారు నన్ను?”

నా దగ్గర జవాబు లేదు. ఇంతలో పెద్దాయన పడవ కట్టేసి పైకి వచ్చాడు. నన్ను తిడతాడనుకున్నాను. ఆయన బాధ వేరు. పేపరు తీసుకుని ఫొటో మీద వేలు పెట్టి, “ఒడ్డున అని రాశారేంటి బాబూ? నేనున్నది నడి ఏట్లో కదా” అన్నాడు. ఒంటరి అన్నది ఆయన పట్టించుకోలేదు. జీవితమంతా నీళ్ల మీద బతికినవాణ్ని పట్టుకుని ఒడ్డున పెట్టారు, అదీ ఆయన అభ్యంతరం. ఆ రోజు నుంచి నేను శీర్షికలు చదివే తీరే మారిపోయింది.

ఇక్కడితో అయిపోతే తప్పంతా ఆ పత్రిక మీదకి తోసేసి హాయిగా ఉండేవాణ్ని. కొన్నేళ్లకి వంతెన కట్టారు, పడవ ఆగిపోయింది. ఇంకొన్నాళ్లకి పెద్దాయన పోయాడు. ఆ కూతురే ఫోన్ చేసింది. “నాన్న పడవ మీద ఉన్న ఫొటో మా దగ్గర ఒక్కటీ లేదండీ. పేపర్లో వచ్చింది కూడా పాడైపోయింది. ఇస్తారా?” అని. ఇస్తానన్నాను. కంప్యూటర్ తెరిచి ఆయన పేరు కొట్టి వెతికితే ఏమీ రాలేదు. రెండు రాత్రులు పాత డిస్కులన్నీ తిరగేశాను. చివరికి దొరికింది. ఫైలు పేరు ‘రేవు_ముసలాయన_3’. ఆ పేరు పెట్టింది ఏ పత్రికవాళ్లూ కాదు, నేనే. చీటీ మీద పేరు రాసి పంపిన పెద్దమనిషిని నేనే, నా సొంత అరలో మాత్రం ఆయన్ని ముసలాయన అని పడేసింది కూడా నేనే. పైగా కెమెరాలో గడియారం సరిచేసుకోకపోవడం వల్ల ఆ ఫైలు మీద తేదీ కూడా తప్పు.

ఆయన పేరు ఈ ఉత్తరంలో రాయడం లేదు. మర్చిపోయి కాదు. ఈ ఉత్తరంలో రాస్తానని వాళ్లింట్లో అడగలేదు కాబట్టి.

ఫొటో పుట్టినప్పటి నుంచీ ఈ తంతు ఇలాగే నడుస్తోంది. 1838లో, ఫొటో తీసే పద్ధతి కనిపెట్టిన తొలివాళ్లలో ఒకడైన లూయీ డాగేర్ పారిస్‌లో పై అంతస్తు కిటికీలోంచి కింద ఉన్న వీధిని తీశాడు. బాగా రద్దీగా ఉండే వీధి అది. కానీ అప్పటి పలక మీద బొమ్మ పడాలంటే కొన్ని నిమిషాలు పట్టేది. బండ్లు, గుర్రాలు, నడిచే జనం ఎవరూ అన్ని నిమిషాలు కదలకుండా ఉండరు కదా, అందుకని ఒక్కరూ పడలేదు. వీధి ఖాళీగా ఉన్నట్టుంటుంది. ఒక మూల మాత్రం ఒకాయన బూట్లు పాలిష్ చేయించుకుంటూ కాలు పైకి పెట్టి నిలబడ్డాడు. ఆయన పడ్డాడు, పాలిష్ చేసే మనిషి కూడా మసకగా పడ్డాడు. మనకి మిగిలిన ఫొటోల్లో మనుషులు కనపడే మొట్టమొదటిది ఇదేనంటారు. వాళ్లిద్దరి పేర్లు ఎవరికీ తెలియవు. ఇందులో డాగేర్‌ని తప్పు పట్టలేం, ఆయన పైన కిటికీలో ఉన్నాడు, వాళ్లు కింద వీధిలో ఉన్నారు. మనం అలా కాదు కదా. రెండడుగుల దూరంలో నిలబడి తీస్తాం.

రెండడుగుల దూరంలో నిలబడి కూడా అడగకపోతే ఏమవుతుందో చెప్పడానికి అమెరికాలో జరిగింది ఒకటుంది. ఫొటోల వాళ్లలో దాదాపు అందరికీ తెలిసిన ఫొటో అది. 1936 మార్చిలో డొరతియా లాంగ్ అనే ఫొటోగ్రాఫర్ ప్రభుత్వం తరఫున వలస కూలీల బతుకుల్ని తీస్తూ తిరుగుతోంది. కాలిఫోర్నియాలో నిపోమో అనే చోట బఠాణీ కోతలకి వచ్చినవాళ్ల గుడారాల దగ్గర ఒక తల్లిని తీసింది. ఆవిడ చెంప మీద చెయ్యి పెట్టుకుని ఎటో చూస్తుంటుంది. చెరో వైపు పిల్లలు ముఖాలు తిప్పేసుకుని ఆమె భుజాల మీద వాలిపోయి ఉంటారు, ఒళ్లో పసిబిడ్డ. ఏడుగురు పిల్లల తల్లి, వయసు ముప్ఫై రెండు అని కింద రాసుకుంది లాంగ్. పిల్లల లెక్కుంది, వయసుంది, పేరు లేదు. ఆమె పేరు గానీ కథ గానీ తాను అడగలేదని ఎన్నో ఏళ్ల తర్వాత లాంగే స్వయంగా రాసింది.

లాంగ్ అక్కడ తీసిన ఫొటోలు పేపర్లో రాగానే ప్రభుత్వం ఆ గుడారాలకి దాదాపు తొమ్మిది టన్నుల ఆహారం పంపింది. అప్పటికే ఆ కుటుంబం అక్కణ్నుంచి వెళ్లిపోయింది. 1978లో గానీ ఆవిడ ఎవరో లోకానికి తెలియలేదు. ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్, అమెరికా ఆదివాసుల్లో చెరోకీ జాతి మూలాలున్న మనిషి. తెలిసింది కూడా ఎలాగనుకున్నారు? వాళ్ల ప్రాంతపు పేపర్లో ఆవిడ రాసిన ఉత్తరం అచ్చయింది! నా పేరు కూడా అడగలేదు, కాపీ ఒకటి పంపిస్తానంది, పంపలేదు అని ఆవిడ గోడు. మరో సంగతి. ఆ కుటుంబం తిండి కోసం కారు టైర్లు అమ్ముకుందని లాంగ్ రాసింది. అసలు అమ్మడానికి మా దగ్గర టైర్లెక్కడివి, ఉన్నవి కారుకే ఉన్నాయి, దాని మీదే వెళ్లిపోయాం అని థాంప్సన్ కొడుకు తర్వాత చెప్పాడు. కారు పాడైతే బాగుచేయించుకునే వరకూ అక్కడ ఆగారు, అంతే. బహుశా వేరే కుటుంబం కథ ఈ ఫొటోకి అతుక్కుపోయి ఉంటుంది. పేరు రాసుకోకపోతే జరిగేది అదే. ఫొటో ఒకరిది, కథ ఇంకొకరిది అయిపోతుంది.

లాంగ్‌ని దోషిని చేయాలని కాదు. ఆ ఫొటో వల్ల ఆవిడకీ డబ్బు రాలేదు, అది ప్రభుత్వ ఆస్తి. 1983లో థాంప్సన్ జబ్బు పడినప్పుడు జనం విరాళాలు పంపింది కూడా ఆ ఫొటో తలుచుకునే. కానీ నలభై ఏళ్లకి పైగా ఒక మనిషి తన ముఖాన్ని పుస్తకాల్లో, గోడల మీద చూసుకుంటూ, దానికి పడిపోయిన ‘వలస తల్లి’ అనే పేరుని వేరెవరి గురించో అన్నట్టు చదువుకుంటూ గడిపింది. దాని ముందు మన ‘బతుకు బండి’ చిన్నదే. అయినా జాతి ఒకటే.

ఇలాంటిదే మనకి ఇంకా దగ్గరగా ఉంది. 1868 నుంచి 1875 వరకు బ్రిటిష్ ప్రభుత్వం ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’ అని ఎనిమిది సంపుటాలు వేసింది. దేశంలో రకరకాల జనాన్ని నిలబెట్టి, కూర్చోబెట్టి తీసిన ఫొటోలు. చాలావాటి కింద మనిషి పేరుండదు, కులం పేరో తెగ పేరో ఉంటుంది. ఫలానా జాతివాళ్లు ఇలా ఉంటారు, వీళ్ల స్వభావం ఇలాంటిది అని ఒక వివరణ ఉంటుంది. అది చూస్తే మనకి ఒళ్లు మండుతుంది. మరి మనం ‘కూలీ’, ‘వృద్ధురాలు’, ‘పల్లె పడుచు’ అని రాసినప్పుడు చేస్తున్నదేమిటి? మనిషిని తీసేసి రకాన్ని పెడుతున్నాం. ఇష్టంతో పెడుతున్నాం, జాలితో పెడుతున్నాం, కానీ అదే పెడుతున్నాం.

ఆకుపచ్చ కళ్ల అఫ్గాన్ అమ్మాయి ఫొటో మీ పాఠకుల్లో చాలామంది చూసే ఉంటారు. పెషావర్ దగ్గర శరణార్థుల శిబిరంలో 1984లో తీశారు, 1985 జూన్‌లో ‘నేషనల్ జియోగ్రాఫిక్’ ముఖచిత్రంగా వచ్చింది. ఆమె పేరు షర్బత్ గులా అని ప్రపంచానికి తెలిసింది 2002లో. అప్పటిదాకా ఆ ఫొటోని ఆవిడ చూడనేలేదు.

మనుషుల సంగతి ఇలా ఉంటే, చోట్ల సంగతి ఇంకా అన్యాయం. ‘ఓ మారుమూల పల్లెలో’, ‘ఏజెన్సీ అందాలు’, ‘ప్రకృతి ఒడిలో’ అని వేస్తారు. ఏ పల్లె? ఏ నెల? ప్రయాణాల్లో తీసిన ఫొటోల్లో ఈ జబ్బు నాకే ఎక్కువుండేది. కొత్త చోటికి వెళ్లిన మొదటి రోజు కార్డు నిండిపోతుంది. రంగురంగుల తలుపులు, పొగ, తలపాగాలు, ముడతల ముఖాలు. మూడో రోజుకి తీయడానికి ఏమీ కనపడదు, ఎందుకంటే కొత్తదనం అయిపోయింది. అప్పుడు బస్సెక్కి ఇంకో చోటికి పోతాను. ఏళ్ల తరబడి అలా తిరిగాక అర్థమైంది, ఆ మొదటి రోజు ఫొటోల్లో ఉన్నది ఆ చోటు కాదు, నా ఆశ్చర్యం. నాకు తప్ప ఎవరికీ పనికిరాదు అది. అదే రేవుకి నాలుగైదేళ్లు వెళ్లాను కాబట్టే ట్యూబు మీద వేళ్ల గుంటలు కనపడ్డాయి. మొదటి రోజు తెడ్డే కనపడింది.

పారిస్‌లో యూజీన్ అట్జే అని ఒకాయన ఉండేవాడు. చెక్క కెమెరా, గాజు పలకలు, మూడుకాళ్ల స్టాండ్ వీపున వేసుకుని దాదాపు ముప్ఫై ఏళ్లు అదే నగరంలో పాత వీధులు, మెట్లు, గుమ్మాలు తీశాడు. 1927లో పోయాడు. తన ఫొటోల్ని కళ అనేవాడు కాదు, కళాకారులకి పనికొచ్చే పత్రాలు అనేవాడు. నాకు ఆయనలో నచ్చేది ఆయన రాతలు. ఫలానా వీధి, ఫలానా నంబరు ఇల్లు అని పలకలకి వరస నంబర్లు వేసి రాసుకునేవాడు. ఆ ఇళ్లలో కొన్ని ఇప్పుడు లేవు. కానీ ఎక్కడ ఉండేవో చెప్పొచ్చు. ‘పాత నగరంలో ఓ ఉదయం’ అని రాసి ఉంటే ఏం చెప్పగలిగేవాళ్లం?

మన దగ్గరా భద్రపరిచిన ఫొటోలున్నాయి. నిజాం దర్బారు ఫొటోగ్రాఫర్‌గా పనిచేసిన రాజా దీన్‌దయాళ్ గాజు నెగటివ్‌లు 2,857 ఉంటే ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం 1989లో కొని దాచింది. దర్బారులకి అలా దాచేవాళ్లు దొరుకుతారు. తోపుడు బండికి దాచేది మీ పత్రికే. వందేళ్ల తర్వాత ఎవరైనా ఇప్పటి మామూలు జనం ఎలా ఉండేవాళ్లో చూడాలంటే తెరిచేది పాత పేపర్లే. వాళ్లకి ‘బతుకు బండి’ అని మాత్రమే కనపడితే అది మన పిసినారితనం.

డెస్కులో పనిచేసే ఒక మిత్రుడికి ఇదంతా చెబితే నవ్వాడు. రాత్రి పదకొండింటికి పేజీ కట్టే టెన్షన్‌లో ఉంటే నువ్వు పేర్లంటావేంటి అన్నాడు. పైగా పేరు వేస్తే ఆ మనిషికి ఏదైనా ఇబ్బంది వస్తే ఎవరు చూస్తారు అన్నాడు. రెండోది సరైన మాటే. పిల్లల పేర్లు, నేరానికి బలైనవాళ్ల పేర్లు, ఆసుపత్రి మంచం మీద ఉన్నవాళ్ల పేర్లు వేయమని నేననను. కొన్నిసార్లు ముఖం కూడా వేయకూడదు. ఒకసారి బస్టాండ్‌లో బెంచీ మీద నిద్రపోతున్న ఒకావిడని తీశాను. లేచాక చూపించి పేరడిగితే, “బాబూ, నేనిక్కడ ఉన్నట్టు ఇంట్లో తెలియదు” అంది. ఆవిడ ముందే ఆ ఫొటో చెరిపేశాను. చాలా మంచి ఫొటో అది, ఇప్పటికీ కళ్లలో ఉంది. కానీ గమనించండి, పేరు అడిగాను కాబట్టే చెరపాల్సిన ఫొటో అని తెలిసింది. అడక్కపోతే ‘ఆదమరిచిన అలసట’ అని ఎక్కడో అచ్చయి ఉండేది.

ఇక టైం లేదన్న మాట. అది డెస్కులో ఉండకపోవచ్చు, ఫొటో తీసినచోట ఉంటుంది. నేను ఇప్పుడు చేసేది చెబుతాను, మీ కుర్రాళ్లకి పనికొస్తుందేమో. ముందు అడిగితే మనిషి బిగుసుకుపోతాడు, జుట్టు సర్దుకుంటాడు, పని ఆపేసి నిలబడతాడు. అందుకని ముందు తీస్తాను. దూరం నుంచి పెద్ద లెన్సు పెట్టి కాదు, ఎదురుగా, కెమెరా కనపడేలా. తీసిన వెంటనే వెళ్లి తెర మీద చూపిస్తాను. వద్దంటే అక్కడే తీసేస్తాను. సరేనంటే ఫోన్‌లో రికార్డు ఆన్ చేసి, “మీ పేరు, మీరు చేసే పని, ఈ చోటి పేరు చెప్పండి” అంటాను. పది సెకన్లు. కాగితం మీద రాసుకుంటే వానకి తడుస్తుంది, పేర్లు తప్పు పడతాయి. ఆ గొంతులో తప్పు పడదు. పైగా చాలామంది పేరు చెప్పేటప్పుడు గొంతు సవరించుకుంటారు. ఎవరో అడిగి చాలా రోజులైందన్నట్టు.

ఇంటికొచ్చాక ఆ వివరాలు ఫొటో ఫైల్లోనే రాసేస్తాను. శీర్షిక, చోటు, ఫొటోలో ఉన్నవాళ్ల పేరు రాయడానికి ఫైలు లోపలే అరలుంటాయి, వార్తా సంస్థలు 1990ల నుంచీ వాడుతున్న పద్ధతే. దీనికి పెద్ద చదువు అక్కర్లేదు. ఒక్క చిక్కుంది. ఇప్పుడు అందరం ఫొటోలు వాట్సాప్‌లో పంపేస్తున్నాం. మామూలు ఫొటోగా పంపితే అది ఫొటో సైజూ తగ్గిస్తుంది, లోపల రాసినవీ ఊడగొడుతుంది. డాక్యుమెంట్‌గా పంపితే పోవు. మా కుర్రాడికి ఇది చెప్పడానికి నాకు ఒక ఏడాది పట్టింది. ప్రింటయితే వెనకాల మెత్తటి పెన్సిల్‌తో రాయాలి. బాల్ పెన్నుతో రాస్తే ముందు వైపు ముఖం మీద గీతలు తేలతాయి. ఒక పెళ్లికూతురి బుగ్గ మీద నా చేతిరాత తేలింది ఒకసారి, ఆ సంగతి వదిలేయండి.

ఇంతకీ మిమ్మల్ని అడిగేది పెద్దదేమీ కాదు. మామూలు మనిషి ఫొటో వేస్తే, ఆ మనిషి ఒప్పుకుంటే, పేరు వేయండి. ఒప్పుకోకపోతే ‘పేరు చెప్పడానికి ఇష్టపడలేదు’ అని వేయండి, అడిగారని పాఠకుడికి తెలుస్తుంది. చోటు, తేదీ ఎలాగూ వేయాలి. కవిత్వం కూడా కావాలంటే పక్కన పెట్టుకోండి, నాకు కవిత్వం మీద కోపం లేదు. ‘బతుకు బండి’ ఉండనివ్వండి, దాని కింద ఆ బండి ఎవరిదో రాయండి. ఫొటోగ్రాఫర్‌కి ఇచ్చే దాంట్లో ఒక ప్రింటు ఖర్చు కలిపి ఇవ్వగలిగితే ఇంకా మంచిది, ఎందుకంటే “కాపీ పంపిస్తా” అని మాటిచ్చి పంపనివాళ్లలో నేనూ ఉన్నాను. నా దగ్గర అలా ఇవ్వాల్సిన ప్రింట్లు ఒక పెట్టెడు ఉన్నాయి. నెలకి కొన్ని చొప్పున తీసుకెళ్లి ఇస్తున్నాను. కొందరు దొరుకుతున్నారు. కొందరి ఇళ్లలో ఫొటో చూసి ఏడుస్తున్నారు, అంటే ఆలస్యంగా వెళ్లానన్నమాట.

అందరి పేర్లూ అడుగుతూ నీ పేరు ఎందుకు దాస్తున్నావని మీకు అనిపించొచ్చు. పేరు, అడ్రసు కవరులో విడిగా పెట్టాను. దయచేసి అచ్చు వేయొద్దు. నా పేరు వేస్తే మా వైపు వాళ్లకి ఆ రేవేదో, ఆ పెద్దాయన ఎవరో, ఆ కూతురెవరో ఇట్టే తెలిసిపోతుంది. ఆవిడని అడిగి, సరేనంటే, మళ్లీ రాస్తాను.

ఈలోపు ఆ అట్టపెట్టెల ఆయన సంగతి చూడండి. పేరు మీ ఫొటోగ్రాఫర్ నోటుబుక్కులో ఉంటే వచ్చే ఆదివారం వేసేయండి. లేకపోతే అదే రోడ్డు మీదకి అదే వేళకి మళ్లీ వెళ్లమనండి. అట్టలు ఏరేవాళ్లకి రోజూ ఒక దారి ఉంటుంది, కాసేపు నిలబడితే ఆయన వస్తాడు. వెళ్లేటప్పుడు ఒక ప్రింటు పట్టుకెళ్లమనండి. వాన పడుతుంటే ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోమనండి.

ఇట్లు,
కెమెరా పట్టిన ఒక పాఠకుడు